మాటలు లేని నీళ్లు

కాళ్లు బారచాపుకుని, వాటి మీద పిల్లను బోర్లా పడుకోబెట్టి, శౌరమ్మ కుడిచెయ్యి చాపింది. చెంబు కోసం కాదు, చుట్ట కోసం.

కోడలు జ్ఞానవతి చుట్ట అంటించి ఆ చేతిలో పెట్టింది. జ్ఞానవతికి పొగాకు వాసన పడదు. చుట్ట తాగే ఆడదాని ప్రార్థన ఇంటి కప్పు దాటదని ఆమె తండ్రి జ్ఞానయ్య తన తెలుగు సంఘం ప్రార్థనల్లో వారం విడిచి వారం చెబుతూనే ఉంటాడు. అయినా పిల్లకు నీళ్లు పోసే వేళకు పొయ్యిలోంచి నిప్పు తీసి, చుట్ట అంటుకునేదాకా దగ్గుతూ ఊది, తనే తెచ్చి ఇస్తుంది. శౌరమ్మ నిప్పు కొసను నోట్లోకి తిప్పి పెదాలు బిగించింది. బారువ ఒడ్డున పుట్టిన ఆడవాళ్లందరిదీ అదే అలవాటు. అడ్డచుట్ట నోట్లో ఉన్న మనిషి గొణగను కూడా గొణగలేదు.

జ్ఞానవతికి కావలసింది అదే.

వీపు మీద, కాళ్ల మీద గోరువెచ్చని నీళ్లు పడుతున్నంతసేపు ఆమె చూరు కింద తడిగుడ్డలు ఆరేసుకుంటూనే ఉంది. శౌరమ్మ పిల్లను వెల్లకిలా తిప్పి, ఎడమచెయ్యి కళ్లకు అడ్డం పెట్టి, తల మీద పొయ్యడానికి చెంబు ఎత్తేసరికి మాత్రం వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె చూపు పిల్ల మీద లేదు. అత్త పెదాల మీద ఉంది.

నీళ్లున్నాయి. తల ఉంది. పోసే చెయ్యి ఉంది. లేనిదల్లా ఒక్క ఊపిరిలో అయిపోయే మాట. ఆ మాట అంటూ ముమ్మారు తల మీద పోస్తే శౌరమ్మ పుట్టిన మతంలో అది జ్ఞానస్నానం. గురువు, అంటే గుడి ఫాదరు, లేనిచోట ఎవరి చేతైనా చెల్లుతుంది. జ్ఞానయ్య సంఘంలో అది బాప్తిస్మం కాదు, పసిదాని మీద చేసిన దొంగతనం. మనిషి పెరిగి, తెలిసి, నమ్మి, సముద్రంలో మునిగి లేవాలి. పెళ్లినాడు జ్ఞానవతి భర్త యేసురాజు దానికి ఒప్పుకున్నాడు. కొడుకు అలా ఒప్పుకున్నాడన్న సంగతి శౌరమ్మకు కోడలి కడుపు కనిపించాక గాని తెలియలేదు.

పేరు దగ్గరా రెండు వైపులా పట్టుదలే. అందుకని పిల్లకు ఇంకా పేరు లేదు. అందరూ అమ్మడు అంటారు.

తల తుడిచి, మాడు మీద ఆముదం అద్ది, శౌరమ్మ పిల్లను తల్లికి అందించింది. ఆ తర్వాతే చుట్ట తీసి ఉమ్మింది. జ్ఞానవతి బిడ్డకు పాలిచ్చి, జాగ్రత్తలు చెప్పి, గొడుగు వేసుకుని బడికి వెళ్లిపోయింది. బడిలో ఆయా పని ఆమెది. అత్తను నమ్మక కాదు ఆమె కాపలా. అత్త ఎంత నమ్మకస్తురాలో తెలిసే ఆ కాపలా.

ఆ రోజు పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడ రావాలి. ఓడలో గురువుగారు రావాలి. శౌరమ్మ భర్త రాయప్ప జంగ్లాత్‌లో అడవి శాఖ దుంగలు లాగించే పని మానుకున్నాక ఏరియల్ బేలో ఉన్న రేకుల గుడికి ఉపదేశి అయ్యాడు. ఆ గుడికి వచ్చేవాళ్లంతా రాంచీ కూలీలు. వాళ్లకు ఆదివారం హిందీలో జపం చెప్పించి ఇంటికి వచ్చి, పొద్దుగూకే వేళ భార్యతో తెలుగులో చెప్పుకుంటాడు. ఒకప్పుడు ఆ జపంలో మూడో గొంతు కొడుకుది. గుడిలో హిందీ, ఇంట్లో ముసలి గొంతులు, మామ సంఘంలో అయితే హాయిగా తెలుగు పాటలున్నాయని కొడుకు అటు వెళ్లిపోయాడు. 

శౌరమ్మ పిల్లను పైట కింద దాచుకుని జెట్టీకి వెళ్లింది. గురువుగారే ఎదురుగా నిలబడి అడిగితే యేసురాజు కాదనలేడని ఆమె ఆశ. ఓడ కనిపించింది. పొగ కనిపించింది. అలలు జెట్టీ స్తంభాలను ఎగిరెగిరి కొడుతున్నాయి. ఓడ దగ్గరదాకా వచ్చి, ఒక పక్కకు ఒరిగి, మళ్లీ నిలదొక్కుకుని, పొడుగ్గా కూత పెట్టి వెనక్కి తిరిగింది. జెట్టీ మీద బియ్యం కోసం నిలబడ్డవాళ్లు తిట్టుకుంటూ చెదిరిపోయారు. రాయప్ప మాత్రం గుడి తాళం చేత్తో పట్టుకుని, ఓడ కొండ మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాడు.

"మళ్లీ ఎప్పుడొత్తారు?" అంది శౌరమ్మ.

"వానలు తగ్గాల."

"అందాకా గుంటదానికేటైనా అయితే?"

రాయప్ప విసుక్కున్నాడు. ఈ మాట ఆయన చాలాసార్లు విన్నాడు. ఉపదేశి గొంతుతో చెబితే గాని ఊరుకోదని ఆ గొంతుతోనే చెప్పాడు. "అమ్మా అయ్యా ఒప్పుకోకుండా పొయ్యకూడదే. గురువుగారైనా పొయ్యరు. పానం పోయేటట్టుంటే అది వేరు. అప్పుడు ఎవులైనా పొయ్యొచ్చు. నువ్వైనా పొయ్యొచ్చు. ఎవుల్నీ అడగక్కర్నేదు."

"పానం పోయేటట్టుంటే," అంది శౌరమ్మ.

"ఆఁ. అప్పుడే."

ఆయన తలుపు మూయడానికి అన్నాడు. ఆమెకు అది తలుపు తీసినట్టు వినిపించింది.

మరునాడు వాన తెరిపి ఇవ్వలేదు. చేపల షెడ్డులో టార్పాలిన్ కింద నీరు చారలు కట్టి పారుతోంది. ఎండ లేకపోతే చేప పురుగు పడుతుంది. పురుగు పట్టకూడదంటే ఉప్పు ఎక్కువ దట్టించాలి. శౌరమ్మ చేపను నడ్డి పక్కనుంచి చీల్చి, పేగులు లాగి, నల్ల నెత్తురు గోటితో గీకి, పిడికెడు ఉప్పు లోపల రుద్ది తొట్టిలో పరుస్తోంది. పక్కన పీట మీద చిన్నమ్మి అదే పని చేస్తోంది. చిన్నమ్మి జాలరి మనిషి, గంగమ్మను కొలుస్తుంది. ఈ జపాల తగాదా ఆమెకు ఒక వినోదం.

దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో అమ్మడు ఉంది. శౌరమ్మ మాటిమాటికి లేచి, చేతులు కడుక్కుని, ఉయ్యాల విప్పి చూస్తోంది. ముందు గోళ్లు చూసింది. గులాబిగా ఉన్నాయి. కింది కనురెప్ప బొటనవేలితో లాగి చూసింది. ఎర్రగా ఉంది. మాడు మీద అరచెయ్యి ఆనించింది. పిల్లకు ఒంట్లో నీరు ఇంకిపోతే మాడు గుంట పడుతుంది. గుంట లేదు. చర్మం కింద టిక్కుటిక్కుమని కొట్టుకుంటోంది. శౌరమ్మ నిట్టూర్చి వచ్చి పీట మీద కూర్చుంది.

ఆ నిట్టూర్పు చిన్నమ్మి విన్నది. "ఏటి వొదినా, మొప్పలెత్తి సూసినట్టు సూస్తన్నావు గుంటని? తాజాదో కాదో తేలినాదా?"

శౌరమ్మ నవ్వలేదు. చిన్నమ్మి నవ్వు కూడా సగంలో ఆగిపోయింది.

చావు కోసం చూస్తున్నానని శౌరమ్మ అనుకోలేదు. పిల్ల కోసమే చూస్తున్నాననుకుంది. సముద్రానికి అవతల, ఆమె పుట్టిన ఊళ్లో, సమాధుల తోటకు కంచె ఉంది. జ్ఞానస్నానం లేకుండా పోయిన పసివాళ్లకు ఆ కంచె లోపల చోటు లేదన్నారు అప్పటి గురువుగారు. ఆమె తొలిచూలు కొడుకు కంచె బయట, మేకలు తిరిగే ఇసుకలో ఉన్నాడు. పుట్టిన పూటే పోయాడు. మంత్రసానికి ఆ మాటలు తెలియవు. పక్క గదిలో ఉన్న అత్తకు తెలుసు గాని పురుటి గదిలోకి మైల అని రాలేదు. ఆ కంచె కట్టినవాళ్లను శౌరమ్మ ఎన్నడూ తప్పు పట్టలేదు. అత్తనే తప్పు పట్టింది. అలాంటి నాయనమ్మను నేను కాకూడదు అనుకుంది.

అందుకే మూడో రోజు ఉదయం, కోడలు బడికి వెళ్లిన కాసేపటికి, షెడ్డులో ఉయ్యాలలోంచి తీసిన పిల్ల ఒళ్లు అరచేతికి వెచ్చగా తగిలినప్పుడు ఆమె గుండెలో ముందు లేచింది భయం కాదు. అదేమిటో ఆమె పేరు పెట్టుకోలేదు. చేపల పని అక్కడే వదిలేసి, తల నొప్పిగా ఉందని చిన్నమ్మితో చెప్పి, పిల్లను ఎత్తుకుని ఇంటికి వచ్చేసింది.

ఇంట్లో ఎవరూ లేరు. రాయప్ప గుడి రేకులు బాగుచేయించడానికి వెళ్లాడు. యేసురాజు మెరైన్ వాళ్ల ఇంజన్ పడవ, డోంగీ మీద ఖలాసీ, పొద్దున్నే సరుకుతో వెళ్లాడు. శౌరమ్మ తలుపు దగ్గరకు వేసి, చెంబు నిండా మంచినీళ్లు ముంచుకుని, పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె నోట్లో చుట్ట లేదు. ఎదురుగా కోడలు లేదు. చెంబు ఎత్తింది.

అమ్మడు కళ్లు తెరిచి నాయనమ్మ చూపుడువేలు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. పట్టుకుని నోట్లోకి లాక్కుని చీకుతోంది.

ఇది పోయే ప్రాణం కాదు. రాయప్ప చెప్పిన మాట స్పష్టంగా ఉంది. పోయేటట్టుంటేనే. లేకపోతే పాపం, చెల్లదు కూడానేమో. శౌరమ్మ జీవితమంతా ఇలాంటి మాటలను ఒక్క అక్షరం జార్చకుండా మోసిన మనిషి. చెంబు కింద పెట్టింది. ఇంకా లేదు అనుకుంది. అనుకున్నాక కూడా ఆ మాటలోని ‘ఇంకా’ ఆమెకు వినిపించలేదు.

కంపౌండరు దగ్గరకు తీసుకెళ్లలేదు. డిస్పెన్సరీ జెట్టీ పక్కనే, అరుస్తే వినిపించే దూరం. జ్వరం గోళీ ఇస్తాడు, తగ్గిపోతుంది. తగ్గిపోతే మళ్లీ చుట్ట, మళ్లీ కోడలి చూపు, మళ్లీ వానలు తగ్గేదాకా ఎదురుచూపు. శౌరమ్మ తడిగుడ్డ వేసింది, తీసింది. పిల్ల పాలకు ఏడ్చింది, ఏడ్చి నిద్రపోయింది.

సాయంత్రం జ్ఞానవతి వచ్చి బిడ్డను ఎత్తుకోగానే మొహం మారింది. "ఒళ్లు వేడిగా ఉందేంటి అత్తా? బుఖార్ వచ్చిందా?"

"పళ్లొత్తన్నాయి. పళ్లొచ్చే గుంటలకు ఒళ్లు కాలతాది," అంది శౌరమ్మ పొయ్యి ఊదుతూ.

జ్ఞానవతి నమ్మింది. జపాల సంగతిలో తప్ప మిగతా అన్నిటిలో ఆమె అత్తను నమ్ముతుంది. పిల్లల గురించి ఆ ఇంట్లో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

మరునాడు స్నానం పొయ్యలేదు. ఒళ్లు వెచ్చగా ఉంది కదా అని జ్ఞానవతే వద్దంది. చుట్ట అడగకుండా, ఇవ్వకుండా ఆ పొద్దు గడిచింది. ఆమె బడికి వెళ్లాక ఆకాశం ఇంకా కిందికి దిగింది. పొద్దు నడినెత్తిన ఉండాల్సిన వేళకు ఇంట్లో దీపం కావాల్సి వచ్చింది. శౌరమ్మ దీపం పెట్టి వెనక్కి తిరిగేసరికి చాప మీద పిల్ల విల్లులా వంగి ఉంది. కళ్లు పైకి తేలిపోయాయి. పిడికిళ్లు బిగుసుకుని, ఒక కాలు తనంతట తను కొట్టుకుంటోంది. నోట్లోంచి చప్పుడు లేదు.

శౌరమ్మ కేక విని ముందుగా వచ్చింది చిన్నమ్మి. చేపనెత్తుటి చేతులతోనే పిల్లను పక్కకు తిప్పి, కొంగు మూల తడిపి మొహం తుడిచి, తర్వాత గుడివైపు, బడివైపు పరుగెత్తింది. రాయప్ప కంపౌండరును వెంటబెట్టుకుని వచ్చాడు. అతను బెంగాలీ ముసలాయన. కనురెప్పలు చూశాడు, పొట్ట నొక్కి చూశాడు, తొడలో సూది గుచ్చాడు. మలేరియా మెదడుకెక్కిందన్నాడు. తన దగ్గర ఇంతకంటే ఏమీ లేదని, ఎలాగైనా మాయాబందర్ ఆసుపత్రికి చేర్చమని చెప్పాడు. పెట్టె మూసుకుంటూ హిందీలో ఇంకో మాట అన్నాడు. నిన్న తెచ్చి ఉంటే గోళీతో పోయేది అన్నాడు. ఎవరినీ చూడకుండా అన్నాడు.

అప్పటికే జ్ఞానవతి గుమ్మంలో ఉంది. గొడుగు లేదు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

కంపౌండరు వెళ్లిపోయాడు. డోంగీ అప్పుడే జెట్టీకి వచ్చిందని, యేసురాజు ఇంజన్‌లో డీజిల్ పోయించి, పడవ నడిపే సరంగును బతిమాలుతున్నాడని చిన్నమ్మి వచ్చి చెప్పి మళ్లీ పరుగెత్తింది. ఆ సముద్రంలో ఏ సరంగూ మామూలుగా రాడు. ఇంట్లో నలుగురు మిగిలారు, ఒకరు చాప మీద. పిల్ల ఇప్పుడు వంగి లేదు. మెత్తగా, గుడ్డపీలికలా ఉంది. ఊపిరి ఆగి ఆగి వస్తోంది.

జ్ఞానవతి అత్తకు ఎదురుగా కూర్చుంది.

"నిన్న పళ్లన్నావు," అంది.

శౌరమ్మ పిల్లను చాప మీదనుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

కోడలు తిడుతుందని, పిల్లను లాక్కుంటుందని ఆమె ఎదురుచూసింది. జ్ఞానవతి లేచి వెళ్లి బానలో చెంబు ముంచి తెచ్చింది. సగం నీళ్లు దారిలోనే ఒలికాయి. తెచ్చి అత్త మోకాలి పక్కన పెట్టింది.

"పొయ్యి అత్తా. నీ మాటలేవో అంటూ పొయ్యి. మా నాన్నకు నేను చెప్పుకుంటాను. నేను ఒప్పుకుంటున్నాను."

రాయప్ప గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు పొయ్యొచ్చే. ఇప్పుడు తప్పు నేదు," అన్నాడు.

ఇన్నాళ్లూ ఆమెకు కావలసిందంతా అక్కడ ఉంది. నీళ్లు, తల, చెయ్యి. తల్లి ఒప్పుకోలు. ఉపదేశి ఆజ్ఞ. ఇద్దరూ ఆమె పెదాల వైపే చూస్తున్నారు. ఈసారి మాట రాకూడదని కాదు, రావాలని చూస్తున్నారు. శౌరమ్మ చెంబు వైపు చూసింది. ఇప్పుడు తప్పు లేదంటే ఏమిటి? ఇప్పుడు ప్రాణం పోతున్నదని. ఆ చెంబు ఎత్తితే ఆ మాట తను ఒప్పుకున్నట్టు. రెండు రోజులుగా రెప్పలు లాగి, మాడు తడిమి, నిట్టూర్చి తను వెతికినది ఇదే. దొరికింది. అందరూ కలిసి తెచ్చి ఒళ్లో పెట్టారు.

"నాను పొయ్యను," అంది.

"ఏటంటన్నావే నువ్వు?" అన్నాడు రాయప్ప.

"దీనికేటీ అవ్వలేదు. డోంగీ వొస్తది. నాను పొయ్యను."

"మతి పోయిందేటి నీకు? రేపొద్దున్న కంచె బయట..." అని మొదలుపెట్టి, భార్య మొహం చూసి రాయప్ప ఆపేశాడు.

జ్ఞానవతి ఇంక ఎవరినీ అడగలేదు. చెంబు తనే ఎత్తింది. "మాటలు చెప్పు మామా," అంది.

రాయప్ప తడబడ్డాడు. ఆమె మరోసారి అడిగింది, గట్టిగా. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. పేరు కావాలన్నాడు. పేరు లేదు. అమ్మడు అనే అనమన్నాడు.

"అమ్మడూ, నేను నీకు," అంది జ్ఞానవతి. "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున..." పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి తప్పని విన్న మాటలను ఒక్కొక్కటే పళ్ల మధ్యనుంచి లాగి బయట పెడుతోంది. నీళ్లు ఒలికే చప్పుడైంది.

శౌరమ్మ అరచేత్తో పిల్ల తల కప్పేసింది.

నీళ్లు ఆమె మెటికల మీద పడ్డాయి. ఉప్పుకు పగిలిన వేళ్ల సందుల్లో చురుక్కుమన్నాయి. తియ్యమని రాయప్ప అరిచాడు, నీళ్లు తలకు తగలాలి, తగలకపోతే చెల్లదు అన్నాడు. జ్ఞానవతి ఏడుస్తూ రెండోసారి పోసింది, మూడోసారి పోసింది. శౌరమ్మ చెయ్యి తియ్యలేదు. అరచేతి కింద మాడు కొట్టుకుంటోంది. నిన్నటికంటే వేగంగా, నిన్నటికంటే లోతుగా. ఆ దెబ్బ ఒక్కటే ఆమెకు తెలుస్తోంది. ఉంగరం వేలికి, చిటికెన వేలికి మధ్యనుంచి చల్లగా ఒక చార లోపలికి జారి, అరచేతి కింద పాకి, పిల్ల జుట్టులో ఇంకిపోవడం కూడా తెలిసింది.

జెట్టీ వైపునుంచి ఇంజన్ చప్పుడు, యేసురాజు కేక వినిపించాయి.

శౌరమ్మ పిల్లను చెయ్యి తియ్యకుండానే పాత చీరలో చుట్టి లేచింది. బురదలో ఆమె ముందు, జ్ఞానవతి వెనక. రాయప్ప జెట్టీ దాకా వచ్చాడు గాని డోంగీలో చోటు లేదు. గురువుగారు వచ్చినప్పుడు ఈ సంగతి తనే చెప్పాలి. ఏమని చెప్పాలో తెలియక వానలో నిలబడిపోయాడు.

డోంగీ ఒడ్డు వదిలింది. సరంగు చుక్కాని పట్టుకున్నాడు. యేసురాజు అడుగున చేరిన నీళ్లు డబ్బాతో తోడి పోస్తున్నాడు, తల్లి మొహం చూడటం లేదు. అత్తాకోడళ్లు టార్పాలిన్ కింద మోకాళ్లు ఆనించుకుని కూర్చున్నారు. కొండ చాటు దాటేదాకా అలలు చిన్నవే.

జ్ఞానవతి అడిగింది. "నీళ్లు తగిలాయా అత్తా?"

శౌరమ్మ పిల్ల తల మీది చెయ్యి ఇంకాస్త దగ్గరగా అదిమింది.

"తగల్లేదు," అంది. "తిరిగొచ్చినాక పోసుకుందుం."

జ్ఞానవతి తల ఊపింది. కొండ మలుపు తిరగ్గానే ముందునుంచి మొదటి పెద్ద అల లేచింది. ఇద్దరూ పిల్ల మీదికి వంగారు.